తువ్వాలు పరిచి చెట్టు కోసినవాడు

అతను పోయాడని పొద్దున్నే ఫోను వచ్చింది. చేసింది అతని భార్య. ఏడుస్తూనే నాకొక పని అప్పగించింది.

"అన్నా, తాడు నువ్వే తీసుకురా. ఇంగెవురు తెచ్చినా ఆయప్ప ఒప్పుకోడు."

చచ్చిపోయిన మనిషి ఒప్పుకోవడం ఏమిటమ్మా అని నేను అడగలేదు. ఆ ఇంట్లో బతికున్నన్నాళ్ళూ అతను ఒప్పుకోనిది ఏదీ జరగలేదు, పోయిన రోజు మాత్రం ఎందుకు జరుగుతుంది? మావాళ్ళలో మనిషిని పూడ్చిపెడతారు. గుంతలోకి తాళ్ళతో దించుతారు. ఆ తాళ్ళ కోసం నేను ముదిగుబ్బ బస్సెక్కాను.

తాళ్ళ అంగడి శెట్టి సంగతి విని చేతిలో తక్కెడ కింద పెట్టేశాడు.

"అయ్యో, ఆ మారాజు పోయినాడా! ఎట్ల పోయినాడప్పా? పైన చెట్టు గాని పడిందా?"

"చెట్టూ లేదు, చేమా లేదు. రాత్రి తిని పండుకున్నోడు పొద్దున లెయ్యలేదు."

"ఆయప్ప తాడు కొనేదానికి వచ్చినాడంటే బజారు బజారంతా నిలబడి సూసేది. అట్లాంటి గిరాకీ మల్ల రాడు."

"ప్రతిసారీ నేనూ వచ్చినా గదా శెట్టీ, ఆయప్పతో."

శెట్టి కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను తేరిపార చూశాడు. కాసేపు ఆలోచించాడు కూడా. తర్వాత "అవునా?" అన్నాడు.

చూశారా, అదీ సంగతి. ఆ అంగట్లోంచి తాడు చుట్టను భుజాన వేసుకుని బస్సు మీదికి ఎక్కించింది ప్రతిసారీ నేనే. శెట్టికి గుర్తున్నది మాత్రం అతని తెల్లచొక్కా. పోయినవాడి మీద అసూయ పడకూడదని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ చెప్పేవాళ్ళెవరో అతని పక్కన ఒక్కపూట పని చేసి, ఆ తర్వాత వచ్చి చెప్పాల్సింది.

మా పని ఎండిన చెట్లు పడగొట్టడం. తొంభైల చివర్లో మొదలై రెండువేలు దాటాక కూడా వదలని ఆ కరువుల్లో మా వైపు చెట్లు నిలబడ్డచోటే చచ్చిపోయాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ మామిళ్ళు ఎండాయి, చింతలు ఎండాయి, ఆఖరికి వేపలు కూడా ఎండాయి. వేపచెట్టే ఎండిందంటే అది ఎలాంటి కరువో మా జిల్లావాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. శనక్కాయ పంట పోతే రైతు మళ్ళీ ఏడాది కోసం చూస్తాడు. ఇంటి మీదికి వాలిన ఎండుచెట్టు ఉన్నవాడు మాత్రం గాలి లేచినప్పుడల్లా లోపలున్న పిల్లల్ని బయటికి పిలుచుకుంటాడు. అలాంటివాళ్ళు మా కోసం వచ్చేవాళ్ళు. మా కోసం అని నేను అంటున్నాను. వాళ్ళు మాత్రం అతని కోసమే వచ్చేవాళ్ళు.

పచ్చిచెట్టును కోసినట్టు ఎండుచెట్టును కోయకూడదు. పచ్చిది వంగుతుంది, ఎండుది విరుగుతుంది. దాని మీదికి ఎక్కకూడదు, దాన్ని కుదపకూడదు. పైన ఎక్కడో పుచ్చిన కొమ్మ ఒకటి పట్టు వదిలిందంటే కింద ఉన్నవాడి నెత్తి పగులుతుంది. అందుకని ముందుగా సన్నదారానికి రాయి కట్టి, పై కొమ్మల మధ్యనుంచి అవతలికి విసిరి, ఆ దారం వెంట లావుపాటి తాడును, అంటే మోకును, పైకి లాగి బిగించాలి. ఆ మోకును నేరుగా లాగితే చెట్టు లాగేవాళ్ళ మీదే పడుతుంది కాబట్టి, దూరంగా నేలలో పాతిన ఒక రాతికూసానికి గిరక కట్టి, దానిమీదుగా మోకును పక్కకు తిప్పి లాగాలి. ఇక కింద కోసేవాడు ఒకడు. గిరక దగ్గర తాడు పట్టుకుని లాగేవాళ్ళను నడిపించేవాడు ఒకడు. కోసేవాడు అతను. తాడు మనిషిని నేను.

కోసేవాడు పైకి చూడకూడదు. చూస్తే పొట్టు కళ్ళలో పడుతుంది, చెయ్యి తడబడుతుంది. లాగేవాళ్ళ కేకల్లో మాట వినపడదు. చెట్టు తల కనపడేది తాడు మనిషికి ఒక్కడికే. అందుకని కోసేవాడు రంపం ఆడిస్తూ తాడు మనిషి మొహం చూస్తుంటాడు. ఆ మొహంలో తేడా కనపడగానే రంపం వదిలేసి పక్కకు దూకుతాడు. మా పనిలో పద్ధతి ఇదే. ఇది నేను ఇంత వివరంగా చెబుతున్నాను గానీ, ఏ ఊళ్ళోనూ ఏ ఒక్కడూ తాడు మనిషిని చూడడానికి రాలేదు.

అతన్ని చూడడానికి వచ్చేవాళ్ళు. చూడదగ్గట్టే వచ్చేవాడు మరి. చెట్టు కోసే మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మీరెక్కడైనా చూశారా? తెల్లచొక్కా, పక్కపాపిడి, మెడ మీద మడతపెట్టిన తువ్వాలు, బుగ్గన వక్క. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు గానీ నడక చూస్తే పెళ్ళికొడుకు తరఫున వచ్చిన పెద్దమనిషి అనుకోవాలి. చిన్నప్పటి నుంచి మంద వెనకాల రాళ్ళు విసిరిన చెయ్యి కాబట్టి దారం కట్టిన రాయి మొదటి విసురులోనే అనుకున్న కొమ్మ సందులోంచి దూరిపోయేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను ఒకటి రెండుసార్లు విసిరాను. ఒక రాయి పొయ్యి మీది చట్టిలో పడింది. ఆ మాట ఇప్పటికీ ఆ ఊళ్ళో చెప్పుకుంటారు, చట్టి ఎవరిదో కూడా చెబుతారు.

విసిరాక చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. మాను మీద గొడ్డలి మడమతో కొట్టి చెవి ఆనించేవాడు. అప్పుడు మెడ మీది తువ్వాలు తీసి దులిపి, ఎక్కడో ఒకచోట నేల మీద శ్రద్ధగా పరిచేవాడు.

"చెట్టు తల ఈ తువ్వాల మీద పడ్తాది. దీనికి మీ పక్క నిల్చున్నోళ్ళు బతుకుతారు. చెట్టు పక్క నిల్చున్నోళ్ళ సంగతి నన్ను అడగొద్దండి."

ఆడవాళ్ళు నవ్వుతూ వెనక్కి జరిగేవాళ్ళు. చెట్టు పడేది. దుమ్ము తగ్గాక అందరూ పరుగెత్తేది తువ్వాలు ఎక్కడుందో చూడడానికి. కొమ్మల కింద అది నలిగి కనపడేది. చెట్టు గలవాళ్ళు అతనికి కొత్త తువ్వాలు మెడలో వెయ్యాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలీదు, అతనే పెట్టాడని నా అనుమానం. ఊరూరా తువ్వాళ్ళు. ఎర్ర అంచువి, పచ్చ అంచువి, గళ్ళవి. అతని ఇంట్లో దండెం మీద ఆరేసిన తువ్వాళ్ళు చూసి కొత్తవాళ్ళు అది చాకలి ఇల్లనుకునేవాళ్ళు. నాకు ఒక్క ఊరివాళ్ళూ ఒక్క చేతిగుడ్డ వెయ్యలేదు. చెట్టు ఆ తువ్వాలు మీదికి రావడానికి గిరక దగ్గర తాడును జానెడు ఇటూ జానెడు అటూ సర్దింది ఎవరని ఒక్కరైనా అడగొచ్చు కదా?

ఇక తాడు కొనడం. శెట్టి అంగట్లో చుట్ట విప్పించి, ఒక కొస అంగడి స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని రోడ్డు దాటేవాడు. మోకు రోడ్డుకు అడ్డంగా ఉండగా కదిరి బస్సు వచ్చేది. డ్రైవరు బస్సు ఆపి, తల బయట పెట్టి, "ఏమన్నా, ఈసారి ఏ ఊరి చెట్టు?" అని మర్యాదగా అడిగేవాడు. అతను వెనక్కి వాలి, ఒళ్ళంతా తాడు మీద వేసి, కళ్ళు మూసుకుని చెవి తాడుకు ఆనించేవాడు. లోపల పురులు కిర్రుమంటాయా లేదా అని వినేవాడు. తర్వాత పురి విడదీసి లోపలికి చూసేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పైకి నిగనిగలాడుతూ లోపల పొడి రాలిందంటే చుట్ట మొత్తం శెట్టి ఒళ్ళో పడేసేవాడు. శెట్టి కోప్పడాలి కదా? లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించేవాడు. ఒక్క చెంబే వచ్చేది.

నాకు నైలాన్ తాడు కొనాలని ఉండేది. పామిడి వైపు వేరేవాళ్ళు నైలాన్ తాడు, ట్రాక్టరు పెట్టుకుని పని చేస్తున్నారు, మనమొక్కళ్ళమే ఈ మోకులు మోయడమేమిటని పోరుపెట్టి ఒకసారి తెప్పించాను. అతను కాదనలేదు. అదే అతనిలో నాకు నచ్చని గుణం. చెరువు కట్ట కింద మొద్దుకు దాన్ని కట్టి నలుగురి చేత లాగించాడు. తాడు సాగుతూ పోయింది, మొద్దు కదల్లేదు.

"సూసినావా? మన బలం అంతా పొట్టలో దాపెట్టుకుంటాంది. తెగిందంటే అంతా ఒక్కతూరి మన మొగాన కొడ్తాది."

"తెగదులేప్పా. లారీని లాగుతాది అది."

"తెగినా తెగకపోయినా నాకు తెగేముందు సెప్పే తాడు కావల్ల. మన మోకు చూడు, ముందు కిర్రంటాది, తర్వాత ఒక పురి లేస్తాది, అప్పుడు గాని తెగదు. ఇది నవ్వుతా నవ్వుతా తెగుతాది."

ట్రాక్టరూ వద్దన్నాడు. ట్రాక్టరు గుంజుతుంది, గుంజితే ఎండుచెట్టు నడుం దగ్గర విరిగి వెనక్కి వస్తుంది, మనుషులైతే చెట్టు కదిలినకొద్దీ లాగుతారు, ఆపమంటే ఆపుతారు అన్నాడు. చుట్టూ చేరిన జనం తలలూపారు. నైలాన్ తాడు మా ఇంట్లో బట్టలారేసుకోవడానికి పనికొచ్చింది. నా భార్య దానిమీద బట్టలు వేసినప్పుడల్లా "ఆయన్న అప్పుడే సెప్పినాడు గదా" అనేది.

మా ఇంట్లో అతనికి దాసుడు కానిది నేనొక్కడినే. మా నాయన సంగతి చెబితే మీకే తెలుస్తుంది. నాయన వయసులో ఉండగా కపిల తోలినవాడు. ఎద్దులతో మోకు లాగించి తోలుబానతో బావినీళ్ళు తోడిన రోజులవి. మోటార్లు వచ్చి, తర్వాత బావి కూడా ఎండిపోయినా, ఆ కపిల మోకునూ గిరకనూ అటక మీద పెట్టి ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. మోకు చీకిపోయిందని నాకు ఏనాడో తెలుసు. చెప్పే ధైర్యం లేదు. ఒకసారి గిరక అడిగితే చెప్పు తీసుకున్నాడు.

అతను మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాయన తానే అటకెక్కి రెండూ దించి ముందర పెట్టాడు. అతను మోకును ఒళ్ళో పెట్టుకుని, పురి విప్పి, వాసన చూసి, నాయన మొహంలోకి చూసి చెప్పాడు.

"పెద్దాయనా, తాడు సచ్చిపోయింది. గిరక బతికుండాది."

నేను గుమ్మం వైపు జరిగాను. ఇప్పుడు చెప్పు లేస్తుందని నా ఆశ. నాయన కాసేపు ఆ మోకును నిమిరాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు నేను మా అమ్మ పోయాక వినలేదు.

"నాకు తెలుసురా నాయనా. ఎవుడైనా మొగాన సెప్తాడేమోనని సూస్తాండా ఇన్నేండ్లూ. గిరక నువ్వు తీస్కపో."

కడుపు మండిపోయింది. ఆ మాట నేను చెప్పి ఉంటే గిరక నాకిచ్చేవాడా? ఇచ్చేవాడు కాదు. చెప్పులు రెండూ ఇచ్చేవాడు. నల్లతుమ్మతో చేసిన గిరక, ఇనుప ఇరుసు, మా తాత చేతిది. ఆ రోజు నుంచి అది అతని గిరక అయింది. ప్రతి చెట్టు దగ్గరా దాని పక్కన నిలబడింది నేను, ప్రతి ఊళ్ళోనూ జనం చెప్పుకున్నది "ఆయప్ప గిరక".

ఇదంతా పోగై పోగై, మా ఇంటి వెనక వేపచెట్టు దగ్గర బయటపడింది.

మా మిద్దె వెనక వేప ఎండి రెండు ఎండాకాలాలు గడిచాయి. మాను మిద్దె మీదికి ఒరిగింది. అటు పడితే ఇల్లు పోతుంది. ఇటు పక్కవాళ్ళ గొర్రెలదొడ్డి. రెంటికీ నడుమ బండి పట్టేంత సందు. ఆ సందులోనే పడాలి. ఊళ్ళో సగంమంది వచ్చి కూర్చున్నారు. నాయన మంచం బయట వేయించుకున్నాడు. నా భార్య పొద్దున్నే కొత్త తువ్వాలు తెచ్చి గూట్లో పెట్టింది. పచ్చ అంచుది. అతనికి పచ్చ అంచంటే ఇష్టమని ఈమెకెలా తెలుసు?

అతను రాయి విసిరాడు, మోకు బిగించాడు, చెట్టు చుట్టూ తిరిగాడు, మెడ మీది తువ్వాలు తీశాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు ఎయ్యొద్దు. ఈ చెట్టు నాది. కోత నాది. తాడు నువ్వు పట్టు."

నా భార్య గుమ్మంలోంచి అంది, "ఎందుకు నీకీ ఎచ్చులు? ఇంటిమింద పడితే యాడుండాల?"

"ఊరుకోమ్మా" అన్నాడతను. "ఆయప్పకు చెయ్యి రాకనా? కోయనీ." అని, రంపం నా చేతికిచ్చి గిరక దగ్గరికి నడిచాడు. ఎంత పెద్దమనసో చూడండి. రంపం కూడా దానం చేసినట్టే ఇచ్చాడు.

నా తువ్వాలు నేనే పరిచాను. చెట్టు పడాల్సిన ముందువైపు గొడ్డలితో గాటు పెట్టి నోరు తెరిచాను. నిజం చెబుతున్నాను, శుభ్రంగా తెరిచాను. వెనక్కి వచ్చి రంపం పెట్టి, పద్ధతి ప్రకారం అతని మొహం చూశాను. అతను జనం వైపు చూసి ఏదో అంటున్నాడు, నవ్వుతున్నాడు. లాగేవాళ్ళు ఊపందుకున్నారు. రంపం సగం దాకా దిగింది. మాను ఒక్కసారి లోపల్నుంచి మూలిగింది. అప్పుడతను పైకి చూశాడు.

ఆ మొహం నేను మరిచిపోలేను. బుగ్గన వక్క ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. ఆ తెల్లచొక్కా మనిషి మొహంలో రక్తం లేదు. నేను రంపం వదిలేసి పక్కకు దూకాను. చెట్టు పడలేదు. మోకు బిగువుగానే ఉంది, గిరక కదల్లేదు. నేను పైకి చూశాను. ఏమీ లేదు. తల కొంచెం వెనక్కి ఊగి మళ్ళీ ముందుకొచ్చింది, అంతే.

"ఏమైందప్పా?" అని అరిచాను.

"తల నీ మీదికే ఊగుతాందప్పా! బయటికి రా! వద్దు!"

నాకు ఒళ్ళు మండింది. "అది ఎప్పుడూ అట్లే ఊగుతాది! ప్రతి చెట్టూ నీ మీద అట్లే ఊగింది!"

అతను తాడు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. నేను గిరక దగ్గరికి పోయాక, లాగేవాళ్ళకు వినపడకుండా మెల్లగా అడిగాడు.

"అట్లయితే నువ్వెట్ల నిలబడినావప్పా ఈడ, ఇన్నాళ్ళూ?"

సగం కోసిన చెట్టును అలా వదలకూడదు. అతను తాడు పట్టలేడు. ఇక చేసేదేముంది, మోకును కూసానికి చుట్టి బిగించి, చోట్లు మార్చుకున్నాం. అతను రంపం దగ్గర కూర్చుని నా వైపు చూశాడు. నేను తాడు పట్టుకున్నాను. వేప సందులోకి వచ్చి పడింది. మిద్దె మీది పెళ్ళ రాలలేదు, దొడ్డిలో గొర్రె బెదరలేదు. తల సరిగ్గా తువ్వాలు మీద. నేను పరిచిన తువ్వాలు అది! జనం అతని చుట్టూ మూగారు. "నేను తాడు పట్టుకుంటే చెట్టుకు సిగ్గయిందప్పా, పడను పొమ్మనింది" అంటున్నాడప్పటికే, నవ్వుతూ. అందరూ నవ్వారు. అతని చేతులు వణకడం నేను తప్ప ఎవరూ చూడలేదు, నేను చెబితే ఎవరూ నమ్మరు. నా భార్య గూట్లోంచి పచ్చ అంచు తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. చెట్టు గలవాడిని నేను. నేనే అతని మెడలో వేశాను.

మధ్యాహ్నం మా ఇంట్లోనే సంగటి తిన్నాడు. నాయన తన పళ్ళెంలోని ఊరిబిండి పచ్చడి అతనికి వేశాడు. నేను ముద్ద పక్కన పెట్టి అడిగేశాను.

"ఎప్పుడూ నన్నే ఎందుకు తాడు కాడ పెట్టినావు? నాకు కోత రాదనా?"

"కోత నీకు బాగానే వచ్చు. నోరు నాకంటే నున్నగా తెరిచినావు ఈపొద్దు."

"మరి?"

అతను చెయ్యి కడుక్కుని కొత్త తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"నీకంటే ముందు ఇద్దరు ముగ్గురిని పెట్టి సూసినా. మంచోళ్ళే పాపం. ఎప్పుడు సూసినా నవ్వుమొగమే. కొమ్మ ఇరిగినా నాకు భయం పుడ్తాదని నవ్వుతానే ఉండ్రి. నైలాన్ తాళ్ళు వాళ్ళు. నీ మొగం అట్ల గాదు. నాకు ఎవురన్నా తువ్వాలేస్తే నీకు కడుపు మండేది ఆ మొగంలో అట్లే కనపడ్తాది. పెద్దాయన గిరక ఇచ్చిన పొద్దు సూసినా నేను. అంత కుళ్ళును దాపెట్టలేనోడు చెట్టు పడేది మాత్రం ఎట్ల దాపెడ్తాడు? నిన్ను సూస్తా కోస్తే నాకు పైన చెట్టు ఉండాదనేదే గ్యాపకం రాదు."

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నిజమేన్నా, ఆయన మొగంలో అన్నీ కనపడ్తాయి" అంది. నాయన మంచం మీద దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను పళ్ళెం తీసుకుని బయటికొచ్చేశాను. అన్నేళ్ళూ నేను లోపలే దాచుకున్నాననుకున్నది ఊరందరికీ కనపడుతూనే ఉందన్నమాట. పైగా అతను దాన్ని వాడుకున్నాడు. నా అసూయ కూడా నాకు దక్కలేదు, అతనికే పనికొచ్చింది.

అయినా మర్నాడు పనికి పోయాను. ఎందుకు పోయానంటే ఏం చెప్పను? తాడు పట్టుకుని నిలబడ్డాను. అతను కింద కూర్చుని మొహమెత్తి చూశాడు. అంతకుముందు ఆ చూపును నేను అంతగా పట్టించుకోలేదు. ఊరంతా అతన్ని చూస్తుంటే అతను రెప్ప వెయ్యకుండా నన్ను చూస్తున్నాడు. అప్పుడు కూడా అతనికి కొత్త తువ్వాలు వేశారు, అప్పుడు కూడా నాకు మండింది. తర్వాత రోడ్డు పనులకు పెద్ద పెద్ద యంత్రాలు దిగాయి, ఎండుచెట్లను వేళ్ళతో సహా పెరికేశాయి, మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. గిరక మాత్రం అతను తిరిగి ఇవ్వలేదు. నేను అడగలేదు.

శెట్టి రెండు చుట్టలు ముందర పెట్టాడు. ఒకటి తెల్లగా మెరిసే నైలాన్, ఒకటి మూడు పురుల మోకు. మనిషి బరువు ఎంత ఉంటుంది, ఏ తాడైనా చాలు. నేను మోకును అంగడి స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని రోడ్డు దాటాను. కదిరి బస్సు వచ్చి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది.

"ఏయ్, సావనీకి నా బస్సే దొరికిందా నీకు?"

నేను కదల్లేదు. వెనక్కి వాలి, బరువంతా వేసి, చెవి ఆనించి విన్నాను. కిర్రుమంది. పురి విప్పి వాసన చూశాను. అప్పుడు బస్సుకు దారి ఇచ్చాను. పక్క అంగట్లో ఒక తువ్వాలు కూడా కొన్నాను, పచ్చ అంచుది. ఉన్నవాటిలో అంచు వెడల్పుగా ఉన్నది ఏరి మరీ కొన్నాను.

అతని ఇంటి ముందు జనం. పామిడి నుంచి, చిలమత్తూరు నుంచి కూడా వచ్చారు. ఎప్పుడో చెట్టు కోయించుకున్నవాళ్ళు తలా ఒక కొత్త తువ్వాలు తెచ్చి కప్పుతున్నారు. తెల్లచొక్కా కనపడనంత కుప్ప పడింది. నాది కప్పాను. చెయ్యి తీయకముందే దానిమీద ఇంకెవరిదో వచ్చి పడింది. అతని భార్య నా చేతిలో మోకును చూసి, ఒక పురి వేళ్ళతో తడిమి, "ఇదేన్నా, ఇదే" అని వెక్కిళ్ళు పెట్టింది.

గుంత దగ్గర మోకును రెండుగా కోసి, నలుగురం కొసలు పట్టుకున్నాం. తలవైపు నేను. మిగతావాళ్ళు నా నోటి వైపు చూశారు. "వదలండి. నిదానం. అప్పా, ఆ పక్క ఆపు. ఊ, వదులు" అన్నాను. మోకు అరచేతుల్లోంచి జానెడు జానెడు జారింది. బరువు మీద అది కిర్రుమంది. అలవాటు కొద్దీ, నా మొహం అతనికి కనపడేలా నిలబడి, కిందికి చూశాను. మొహం మీది తువ్వాళ్ళు ఆఖరి చూపు కోసం తీసి ఉన్నాయి.

గట్టు చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎప్పటిలాగే అతన్నే చూస్తున్నారు. నా మొహం చూసే మనిషి మాత్రం కళ్ళు తెరవలేదు.